ఉస్తాదు కుడి మీసం

ఓబులేసుకు ఒళ్లు మండిపోతోంది. తాను మరమ్మతు చేసిన విమానం కూలినందుకు కాదు, తన మరమ్మతు వల్లే కూలిందని పైలట్ ఇందుమతి అంటున్నందుకు.

అది ఫ్లయింగ్ స్కూలు వాళ్ల రెండు సీట్ల బుల్లి విమానం. పైలట్ తిప్పే స్టిక్కును రెక్కల మీది పలకలతో కలిపే పాత తీగలు తీసి కొత్తవి బిగించింది ఓబులేసే. మర్నాడు పొద్దున ఇందుమతి ఒక్కతే దాన్ని పైకి లేపింది. లేచీ లేవగానే అది పక్కకు ఒరిగి, రన్‌వే అవతలి శెనక్కాయ చేలో బోర్లాపడింది. రెక్కలు తునాతునకలయ్యాయి. ఇందుమతికి భుజం ఎముక విరిగింది గానీ దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. చేను గలాయన పరుగెత్తుకొచ్చి ఆమెను బయటికి లాగి, మంచినీళ్లు తాపి, దిగడానికి నీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా తల్లీ అని అడిగాడట.

స్టిక్కు కుడికి తిప్పితే విమానం ఎడమకు ఒరిగిందని ఆసుపత్రి మంచం మీది నుంచి ఇందుమతి చెప్పింది. ఎవరెన్నిసార్లు అడిగినా అదే మాట.

అది విని ఓబులేసు పగలబడి నవ్వాడు. ఆ మహాతల్లికి భయంలో కుడి ఏదో ఎడమ ఏదో తెలియలేదన్నాడు. మాట బయటపడితే ఆగుతుందా, టీకొట్టు దాకా పాకింది. అక్కడ టీ ఇచ్చేవాడు కూడా, ఏ చేత్తో పుచ్చుకుంటారని పైలట్లను అడగడం మొదలుపెట్టాడు.

నవ్వులాట ఎలా ఉన్నా, మర్నాడు విచారణకు ఆఫీసరు వస్తున్నాడు. ఓబులేసు ఇదే మాట అక్కడా చెబితే కాదనేవాడు లేడు. తీగలు తెగి చేనంతా చెదిరిపోయాయి, వాటిని చూసి ఏదీ తేల్చలేరు. ఇందుమతి లైసెన్సు ఊడుతుంది. ఆమె జన్మలో మళ్లీ విమానం ఎక్కదు.

ఓబులేసుకు పని నేర్పింది దస్తగిరి సాహెబు. హ్యాంగర్‌లో అందరికీ ఆయన ఉస్తాదు. మాట తక్కువ, మీసం ఎక్కువ. ఆ తెల్లమీసానికి రోజూ కొబ్బరినూనె రాసి దువ్వుతాడు. ఇంజన్ మీదికి వంగేటప్పుడు గ్రీజు అంటకుండా దానికి గుడ్డ కడతాడు. ఇంట్లో బీబీ మీదకన్నా ఆయనకు మీసం మీదే ప్రేమ అని కుర్రవాళ్లు చాటుగా అనుకుంటారు.

ఆ సాయంత్రం ఓబులేసు ఆయన దగ్గరికెళ్లి ఆఫీసరుకు ఏం చెప్పబోతున్నాడో అంతా అప్పజెప్పాడు. పని పూర్తయ్యాక సరిచూడటం కూడా మరిచిపోలేదన్నాడు.

"టీకొట్టు పుల్లయ్యను సీట్లో కూసోబెట్టినా. నేను విమానం ముక్కుకు ఎదురుగా నిలబడినా. కుడికి తిప్పప్పా అంటే తిప్పినాడు. కుడి రెక్క మీది పలక టక్కున పైకి లేసింది. అది లేస్తే విమానం కుడికే గదా వంగాల్సింది? ఈ రెండు కండ్లతో చూసినా ఉస్తాద్."

పని చేసినవాడే సీట్లో కూర్చుని చూసుకోవాలన్నది ఉస్తాదు పెట్టిన నియమం. నువ్వెందుకు కూర్చోలేదని ఆయన మెల్లగా అడిగాడు. ప్యాంటు నిండా గ్రీజు, సీటుకేమో కొత్త కవర్లు, పాడవుతాయని కూర్చోలేదన్నాడు ఓబులేసు.

ఉస్తాదు లేచాడు. మందుల డబ్బాలోంచి కత్తెర తీసి అతని చేతికిచ్చి, స్టూలు మీద కూర్చుని మొహం పైకెత్తాడు.

"రేపు ఆఫీసరు ముందర మనిషి మాదిరి కనపడాల. కుడి పక్క మీసం మొత్తం తీసెయ్. ఎడమది బాగుండాది, దాని జోలికి పోవద్దు."

ఒక పక్కే ఎందుకని ఓబులేసు అడగలేదు. చేతికి పని దొరికితే అతనికి ఇంకేమీ గుర్తుండదు. ఎదురుగా నిలబడి, నాలుక కొస బయటపెట్టి, వెంట్రుక వెంట్రుకా చూసుకుంటూ నున్నగా కత్తిరించాడు. పని బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోయాడు కూడా.

ఇంజన్ సందుల్లోకి చూసే పొడుగుపిడి అద్దం ఒకటి అక్కడుంది. ఉస్తాదు దాన్ని మొహానికి పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

"కుడిది తీయమంటి గదా."

"కుడిదే గదా ఉస్తాద్ తీసింది," అంటూ ఓబులేసు కత్తెర పట్టుకున్న కుడిచేతిని పైకెత్తాడు.

"ఎవురి కుడి?"

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

కాసేపటికి ఓబులేసు కత్తెర కింద పెట్టి, హ్యాంగర్‌లో ఉన్న ఇంకో విమానం దగ్గరికి నడిచాడు. ముక్కుకు ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి చాచి, ఆ వైపున్న రెక్కను చూశాడు. తర్వాత గ్రీజు ప్యాంటుతోనే సీట్లోకెక్కి కూర్చుని, మళ్లీ కుడిచెయ్యి చాచి చూశాడు. ఈసారి అటు ఉన్నది వేరే రెక్క. తీగలు తారుమారుగా బిగించింది తనే. చూసి కూడా సరిగ్గానే ఉందనుకున్నదీ తనే. ఆమె చచ్చిపోయుంటే అన్న ఆలోచన రాగానే స్టిక్కు మీదికి వంగి ఏడ్చేశాడు.

ఉస్తాదు అటు చూడకుండా టీ తాగుతున్నాడు. ఎడమ పక్క మీసం లేదు గనక టీ ఆ పక్క నుంచి సుఖంగా లోపలికి పోతోంది.

మర్నాడు ఆయన సగం మీసంతోనే విచారణకు వచ్చాడు. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక కాగితాల్లో తల దూర్చాడు. ఆయన తల ఎత్తేలోపే ఓబులేసు లేచి నిలబడ్డాడు. తీగలు తారుమారు చేసింది తానేనని, ఆ మేడమ్‌కు కుడి ఎడమలు బాగా తెలుసని, తెలియనిది తనకేనని చెప్పాడు. మళ్లీ చెప్పేదాకా పనిముట్లు ముట్టుకోవద్దని ఆఫీసరు ఆజ్ఞ వేశాడు. ఓబులేసు సరేనన్నాడు. అక్కడి నుంచి తిన్నగా ఆసుపత్రికి పోయి ఇందుమతి ముందు తలవంచుకుని నిలబడి వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి ఉస్తాదు హ్యాంగర్ గుమ్మంలో బెంచీ మీద కూర్చుని రన్‌వే వైపు చూస్తున్నాడు. ఓబులేసు లోపలి నుంచి కత్తెర తెచ్చి ఆయన ఎదుట నిలబడ్డాడు. ఆ రెండోది కూడా తీసి సమం చేయమంటారా అని అడిగాడు.

"తీద్దువులే," అన్నాడు ఉస్తాదు. బెంచీ మీద కొంచెం జరిగాడు. "ముందు ఇట్ల వచ్చి నా పక్కన కూచో."