కొంగు తడిస్తేనే నిప్పు

అనగనగా కొండ మీద ఒక అడవి. అడవి పక్కనే నడుమెత్తు గడ్డి బీడు. రెండింటి మధ్యా ఒక గూడెం. విను బంగారూ, కళ్ళు మూసుకునే విను.

ఎండాకాలం వస్తే బీడు అంటుకునేది. ఆ మంట అడవిలోకి పాకకుండా గూడెంవాళ్ళు చలికాలంలోనే అడవి అంచు వెంట కొంత గడ్డి కాల్చి, నల్లటి బాట వేసేవారు. మంచుకు తడిసిన గడ్డి మెల్లగా కాలుతుంది. చెప్పినట్టు వింటుంది.

నిప్పు ఎప్పుడు పెట్టాలో గూడెంలో పెద్దామె ఈదమ్మ చెప్పేది. తెల్లవారుతూనే కొంగు నేలకు జారవిడిచి గడ్డిలో నడిచేది. కొంగు తడిస్తేనే నిప్పు.

ఒక ఏడాది ఈదమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. అప్పుడు కోడలు గురవమ్మను పంపింది. మొదటి పొద్దున కొంగు తడవలేదు. రెండో పొద్దునా తడవలేదు. ఆ ఏడు చలి సగంలోనే పోయింది.

"ఏం వదినా, మంచుకు కబురు పెట్టావా లేదా?" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. గురవమ్మకు తల కొట్టేసినట్టయింది.

మూడో పొద్దునా పొడిగడ్డే. అప్పుడు గురవమ్మ అడవి అంచున ఉన్న నీటి చెలమలో కొంగు ముంచి తెచ్చింది. ఈదమ్మ తడిమి చూసింది. అంచు వేళ్ళతో నలిపింది. "సరే, పెట్టండి" అంది.

పొడిగడ్డి చెప్పినట్టు వినలేదు. మంట ఎగిరి ఉసిరి చెట్లను పట్టుకుంది. ఆ తర్వాత తునికి చెట్లను. ఆ తర్వాత చెలమకు నీడనిచ్చే నేరేళ్ళను. గూడెం తాగేది ఆ చెలమ నీళ్ళే.

వానలు పడ్డాక ఆ బూడిదలో చెట్లు మొలవలేదు, గడ్డి మొలిచింది. అడవి వెనక్కి జరిగింది. చెలమ ఎండిపోయింది.

అప్పుడు గురవమ్మ ఈదమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. "అత్తా, ఆ రోజు అది చెలమ తడి."

"తెలుసే. మంచుకు తడిసిన కొంగుకు గడ్డి నూగు అంటుకుంటుంది. ఆ రోజు నీ కొంగు కడిగినట్టుంది."

"మరి ఎందుకు పెట్టమన్నావు?"

"నా బతుకులో మంచు కురవని ఏడు లేదు. కురవలేదంటే నమ్మబుద్ధి కాలేదు."

ఆ తర్వాత కొంగు తడవని ఏడు ఎవరూ నిప్పు ముట్టలేదు. కొడవళ్ళతో గడ్డి కోసి బాట వేశారు. చేతులు బొబ్బలెక్కాయి. మరిదీ కోశాడు. నవ్వలేదు.

అడవి తిరిగొచ్చిందా అంటావా? ఒక్క ఉసిరి మొక్క వచ్చింది, నీ మోకాలంత. గురవమ్మ కొండ కింది నుంచి నీళ్ళు మోసుకొచ్చి, ముందు దానికో ముంతెడు పోసి, ఆ తర్వాతే ఇంట్లోకి వెళ్ళేది.

కథ వెళ్ళింది కంచికి,
మంచు రావాలి అంచుకి,
నిద్ర రావాలి కంటికి.