పందేలపట్నంలో ఎవరూ అనని మాట

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో కేరింతలు కొడుతున్న రోజుల్లో, గోరింటపట్నానికి కుంతలవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉగ్రసేనుడు, నడిపివాడు చిత్రసేనుడు, చిన్నవాడు మధుకరుడు. రాణిగారు ముగ్గురికీ తన చేత్తోనే వడ్డించేది. వడ్డించినప్పుడల్లా ఒకటే మాట చెప్పేది: "నాయనా, ఇంకో ముద్దకి చోటుండగానే విస్తరి ముందు నుంచి లేవాలి."

పెద్దవాళ్ళిద్దరూ ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, మారు వడ్డించమనేవాళ్ళు. మధుకరుడు మాత్రం లేచేవాడు. వాడికేదో బుద్ధి ఎక్కువని కాదు, అమ్మంటే భయం!

ఒకనాడు పెద్దవాడు, "ఏడు సముద్రాల అవతల పందేలపట్నం ఉందట, చూసొస్తాను" అని వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే. వాణ్ణి వెతకడానికి నడిపివాడు వెళ్ళాడు. వాడూ అంతే. రాణిగారు అన్నం ముట్టడం మానేసింది. రోజూ మూడు విస్తళ్ళు వేసి, ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చుని ఏడ్చేది. అది చూడలేక మధుకరుడు, "అమ్మా, అన్నల్ని నేను తీసుకొస్తాను. నువ్వు కాస్త ఎంగిలిపడు" అని బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వీపు చూపించింది. "ఎక్కు నాయనా. ఎంతమందిని తీసుకెళ్ళానో గానీ, ఒక్కణ్ణీ వెనక్కి తెచ్చిన పాపాన పోలేదు."

"అక్కడ కాపలా అంత గట్టిదా, తాతా?"

"కాపలానా? వెళ్తున్నావుగా, నువ్వే చూడు" అంది తాబేలు.

ఏడు సముద్రాలూ దాటి, కత్తి దూసి, కోట గుమ్మం దగ్గరికి వెళ్ళి మధుకరుడు కొయ్యబారిపోయాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గడియ లేదు, తాళం లేదు, భటుడు లేడు. కత్తి ఎవరి మీద ఎత్తాలో తెలియక ఒరలో పెట్టుకున్నాడు.

లోపలికి నడిచాడు. అంత పట్నంలో ఒక్క ఇంటి మీదా పొగ లేదు. తల దువ్వుకున్న మనిషి లేడు. ఊరు ఊరంతా ఒకే మండపంలో పాచికల ముందు కూర్చుని ఉంది. మధ్యలో ఎత్తైన పీట మీద పింగళాక్షుడనే మాంత్రికుడు, పక్కన పంజరంలో ఒక చిలుక. చిలుక "ఆరు!" అంటే ఆరు పడుతోంది, "పన్నెండు!" అంటే పన్నెండు పడుతోంది.

వాళ్ళు పందెం కాసేది బంగారమనుకున్నారా? అది ఎప్పుడో అయిపోయింది, పిల్లలూ. ఒకడు తన నవ్వు కాసి ఓడాడు. మూతి బిగుసుకుపోయింది. ఒకామె బిడ్డకి పాడే జోలపాట కాసి ఓడింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా లేవదే! ఇంకేం కాయాలా అని మెడలో తాళి తడుముకుంటోంది.

ఓడిపోయిన మనుషులు ఒక పక్కన బారుగా కూర్చుని ఉన్నారు. అన్నలిద్దరూ అందులోనే ఉన్నారు. పెద్దన్నకి నీడ లేదు. చిన్నన్నకి నిద్ర లేక కళ్ళు నిప్పు కణికల్లా ఉన్నాయి. ఉన్నవన్నీ ఓడి, చివరికి తమనే కాసి ఓడారన్నమాట. వరస చివర ఒక అమ్మాయి తాంబూలాలు చుడుతోంది. ఆమె పక్కన ఎండిపోయిన తాంబూలాలు గుట్టగా పడి ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరికి?" అన్నాడు మధుకరుడు.

"గెలిచి లేచినవాళ్ళకి. తాంబూలంతో పాటు వాళ్ళేది అడిగితే అది ఇచ్చి సాగనంపాలని, ఈ పాచికల వరమిచ్చిన దేవత ఈ మాంత్రికుడికి కట్టడి చేసింది. ఇంతవరకూ ఒక్కరూ లేవలేదు" అంది ఆమె.

"మరి నువ్వు?"

"నా పేరు మందారమాల. ఆ మూల కూర్చున్న రాజు మా నాన్న. నన్ను కాసి ఓడిపోయాడు." ఆమె ఆకు మడుస్తూనే గొంతు తగ్గించింది. "కొత్తవాళ్ళని మూడాటలు గెలిపిస్తాడు. నాలుగో ఆటకి ఎవరూ మిగలరు. ఆయన ప్రాణం ఆ చిలుకలో ఉంది. గుర్తుపెట్టుకో."

మధుకరుడు మాంత్రికుడి ఎదుట పీట మీద కూర్చుని, తన పేరునే పందెం కాశాడు. మొదటి ఆటలో పెద్దన్నని గెలిచాడు. "అన్నా, పద ఇంటికి!" అని చెయ్యి పట్టుకున్నాడు. ఉగ్రసేనుడు ఆ చెయ్యి విదిలించుకుని, "ఉండరా, ఒక్క ఆట" అని కూర్చున్నాడు. మళ్ళీ తన్ను తానే కాసి ఓడిపోయాడు.

రెండో ఆటలో చిన్నన్నని గెలిచాడు. "అన్నా, అమ్మ అన్నం తినడం లేదు, రా!" అన్నాడు. చిత్రసేనుడి కళ్ళు మెరిశాయి. "అమ్మా? అమ్మ ముఖం ఇంకా గుర్తుందిరోయ్! అదే కాస్తాను!" అని కాశాడు, ఓడాడు. ఓడి, తమ్ముడి వైపు తిరిగి, "ఎవరి అమ్మ, బాబూ?" అని అడిగాడు.

మధుకరుడికి ఏడుపు కూడా రాలేదు. గెలిస్తే అన్నలు దక్కుతారనుకున్నాడు. గెలిచినా దక్కరని ఇప్పుడు తెలిసింది. మూడో ఆట ఎలా ఆడాడో తెలియదు, సగం పట్నం గెలిచాడు.

"భేష్! ఇంకొక్క ఆట. గెలిస్తే పట్నమంతా నీది. నీ అన్నలు మళ్ళీ పాచికలు ముట్టరు. నాదీ మాట!" అన్నాడు పింగళాక్షుడు.

అప్పుడు మధుకరుడు చూసుకుంటే ఏముంది, తన చెయ్యి అప్పటికే పాచికల మీద ఉంది! అన్నల కోసం కాదు. ఊరికే, ఇంకొక్కసారి విసరాలని వేళ్ళు దురద పెడుతున్నాయి. అన్నిటికంటే ఎక్కువ వాడు దానికే హడలిపోయాడు. ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. ఇంకో ముద్దకి చోటుండగానే...

చెయ్యి వెనక్కి లాక్కుని లేచి నిలబడ్డాడు. "చాలు" అన్నాడు.

మండపమంతటా పాచికలు ఆగిపోయాయి. ఆ మాట అక్కడ ఎవరైనా అనగా ఎవరూ వినలేదు మరి! మందారమాల తాజా తాంబూలం తెచ్చి ఇచ్చింది.

పింగళాక్షుడి ముఖాన నెత్తురు చుక్క లేదు. "ఏం కావాలి? ఏడంతస్తుల మేడా?" అన్నాడు.

"ఆ చిలుక."

"బాబ్బాబు, ఒక్క ఆట! చిలుకనే కాస్తాను, ఒక్కటంటే ఒక్కటి!" అని మాంత్రికుడు పీట దిగి కాళ్ళు పట్టుకున్నాడు. మధుకరుడు వెనక్కి తిరగకుండా పంజరం పుచ్చుకుని నడిచాడు. గుమ్మం దాటగానే చిలుక, "నా గొంతు నులమకు, బాబూ. అంకెలు చెప్పీ చెప్పీ అలిసిపోయాను, వదిలెయ్యి" అంది. వాడు పంజరం తలుపు తీశాడు. చిలుక ఎగిరిపోయింది.

లోపల పాచికల మీది చుక్కలన్నీ చెరిగిపోయాయి. జనం ఒక్కొక్కరే తలలెత్తారు. ఒకడు నవ్వాడు. ఒకామె జోలపాట అందుకుంది. చిత్రసేనుడు "అమ్మా!" అని బావురుమన్నాడు. ఉగ్రసేనుడు పొట్ట తడుముకుని, "తమ్ముడూ, ఆకలేస్తోందిరా" అన్నాడు. ఆ తెరిచిన తలుపుల్లోంచే అందరూ బయటికొచ్చారు. తాబేలుకి ఆ రోజు నడుం విరిగినంత పని!

మందారమాల తండ్రి ఆమె ముఖం చూడలేక, "అమ్మా, ఈ రాకుమారుడికి నిన్ను..." అని నీళ్ళు నమిలాడు. "నన్నిక ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు, నాన్నా. నేనే చేసుకుంటాను" అంది ఆమె.

పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. తండ్రి తర్వాత, అన్నల ఇష్టం మీదే, మధుకరుడూ మందారమాలా గోరింటపట్నాన్ని ఎన్నో ఏళ్ళు చల్లగా ఏలారు. పింగళాక్షుడు మాత్రం చిలుక వెనకాల చెట్టు చెట్టుకీ తిరుగుతూ, "ఒక్క ఆట, ఒక్కటే" అని బతిమాలుకుంటున్నాడట.

పెళ్ళిభోజనాల్లో రాణిగారు పూర్ణాల పళ్ళెం పట్టుకుని ఉగ్రసేనుడి ముందు ఆగింది. వాడికి పూర్ణాలంటే ప్రాణం. ఒకసారి పళ్ళెం వైపు చూశాడు, ఒకసారి అమ్మ వైపు చూశాడు.

"చాలమ్మా" అని లేచాడు. రాణిగారు పళ్ళెం కింద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆనాడు కడుపారా అన్నం తింది.