రియో పిలుపు

హైదరాబాదు కృష్ణానగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌లో హైమవతి అనే కళాకారిణి ఉండేది. ఆమెది బంగారంలాంటి గొంతు, కానీ అక్కడ ఇంకొకరిని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఆ పూట ఆమెకు అన్నం సయించేది కాదు.

జపాను నుంచి వచ్చే 'దీపాల కొండ' అనే యానిమే బొమ్మల సీరియల్‌కు తెలుగు మాటలు చెప్పేది ఆ థియేటర్‌లోనే. అందులో రియో అనే కుర్రాడు రోజూ సాయంత్రం కొండ మీద దీపాలు వెలిగిస్తాడు. యూమీ అనే నక్కపిల్ల వాడి వెంట తిరుగుతుంది. ప్రతి భాగం చివరా రియో "యూమీ..." అని పిలుస్తాడు. అది ఎక్కడున్నా "కూఁ" అంటూ పరుగెత్తుకొస్తుంది. రియోకు గొంతు ఇచ్చేది హైమవతి. నలభై దాటిన మనిషి, చిన్న కుర్రాడిలా అలా పిలిస్తే, టీవీ ముందు అన్నం తినే పిల్లలు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవారు. వీధిలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకునేవారు. అది విని హైమవతి మురిసిపోయేది. మురిసిపోవడంలో తప్పేమీ లేదు.

నక్కపిల్ల కూతలు పెట్టేది సుగుణ. సిద్దిపేట నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో మైకు ముందు నిలబడితే ఆమెకు నోట కూత వచ్చేది కాదు. "భయపడకమ్మాయ్, నా మొహం చూస్తూ కూత పెట్టు" అని పక్కన నిలబడి నేర్పింది హైమవతే. తన డబ్బాలోని పులిహోర కూడా ఆమెకు పెట్టేది. ఎంతైనా నక్కపిల్లకు మాటలు లేవు కదా. మాటలు లేనివాళ్ళను ప్రేమించడం ఎవరికైనా సులువే.

ఇలా ఉండగా ఆ సీరియల్‌కు మొట్టమొదటిసారి పూర్తి నిడివి సినిమా వచ్చింది. ఇన్నాళ్ళూ చిన్న తెర మీద చూసిన కొండను ఇక పెద్ద తెర మీద చూడవచ్చు. థియేటర్‌లో అందరికీ పండగలా ఉంది. డబ్బింగ్ చేయించే ప్రభాకరం గారు అందరినీ కూర్చోబెట్టి కథ చెప్పాడు.

"మంచు తుఫానులో రియో తప్పిపోతాడు. వాణ్ణి వెతుక్కుంటూ యూమీ ఒంటరిగా బయలుదేరుతుంది. ఈ సినిమాలో దానికి మాటలొస్తాయి. సినిమా అంతా అదే నడిపిస్తుంది. రియో మొదట కాసేపు ఉంటాడు. మళ్ళీ చివర్లో కనిపించి దాన్ని ఒక్కసారి పిలుస్తాడు."

"ఒక్కసారా?" అంది హైమవతి.

"ఒక్కసారేనమ్మా. కానీ కథంతా ఆ పిలుపు కోసమే."

ఆ రెండో మాట హైమవతి చెవికి ఎక్కలేదు. కొన్నాళ్ళకు పోస్టర్ వచ్చింది. దాని మీద తెలుగు గొంతుల పేర్లు వేశారు. సుగుణ పేరు పైన ఉంది, తన పేరు కింద ఉంది. హైమవతికి ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళి చెప్పుల్ని ఒక మూలకు విసిరేసి, "ఏకులా వచ్చి మేకై కూర్చుంది. నిన్నగాక మొన్న నేను కూతలు నేర్పిన పిల్ల" అంది.

పేపరు చదువుతున్న భర్త తల ఎత్తి, "నీ శిష్యురాలే కదుటే, సంతోషించరాదూ" అన్నాడు. ఆ రాత్రి ఆయనకు నిన్నటి చారే గతి అయింది.

డబ్బింగ్‌లో సాధారణంగా ఎవరి మాటలు వాళ్ళు విడివిడిగా చెప్పి వెళ్ళిపోతారు. కానీ ఏడుపు సీను వస్తే, ఎదుటి పాత్ర చెప్పేవాళ్ళు వచ్చి మైకుకు అవతల నిలబడి ఆ మాట అందించడం ఆ థియేటర్‌లో ఆనవాయితీ. అడిగితే ఎవరూ కాదనేవారు కాదు. సినిమా చివర్లో మంచు గుహలోంచి రియో పిలుస్తాడు, యూమీ ఏడుస్తూ పరుగెడుతుంది. ఆ సీను దగ్గర సుగుణ ఆగిపోయింది. హైమవతి దగ్గరకు వచ్చి చేతులు పట్టుకుంది.

"అక్కా, గుహ ముందటి సీను నాకు వస్తలేదు. మీరు జర ఎదురుంగ నిలబడి ఒక్కసారి పిలుస్తరా? మీ గొంతు వింటే నాకు ఏడుపు అదే వస్తది."

హైమవతి గొంతు సవరించుకుని, "నాకు రెండ్రోజుల నుంచి గొంతు బాగాలేదమ్మా. ఏమనుకోకు" అంది. ఆ గొంతుతోనే బయటకు వెళ్ళి ఆటోవాడితో బేరమాడింది. తను పిలవకపోతే సుగుణకు ఏడుపు రాదు, ఏడుపు రాకపోతే సినిమా తేలిపోతుంది, అప్పుడు అందరికీ తన విలువ తెలుస్తుంది అనుకుంది.

తన వంతు వచ్చిన రోజున ఇంకొక అడుగు ముందుకు వేసింది. పిలుపు చప్పగా ఉంటే, దానికి నక్కపిల్ల ఏడుస్తూ పరుగెత్తడం చూసి జనం నవ్వుతారు కదా అని ఆలోచించింది. మైకు ముందు నిలబడి, బస్సులో పక్క సీటు మనిషిని పిలిచినట్టు "యూమీ" అంది. తెర మీద రియో పెదవులకు మాట సరిగ్గా సరిపోయింది. తప్పు పట్టడానికి వీల్లేదు.

"అమ్మా, ఇంకొక్కసారి చూద్దాం. వాడు మంచులో చలికి వణికిపోతున్నాడు. ఇక ఎవరూ రారనుకున్నాడు. అప్పుడు దాన్ని చూశాడు" అన్నాడు ప్రభాకరం గారు.

"ఒక పేరు పిలవడమే కదండీ. ఇంతకంటే అందులో ఏముంటుంది?" అంది హైమవతి.

ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్ తీసేశాడు. "సరేనమ్మా, చాలు" అన్నాడు.

ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు కోసుకున్నవాడి సామెత ఆమెకు తెలియనిది కాదు. కానీ సామెతలన్నీ పక్కవాళ్ళ కోసమే పుట్టాయని మన నమ్మకం.

విడుదలకు ముందు సినిమాను పిల్లలకూ, పనిచేసినవాళ్ళకూ ఒక హాల్లో వేశారు. హైమవతి పట్టుచీర కట్టుకుని వెళ్ళి వెనక వరుసలో కూర్చుంది. సుగుణ మాటలకు పిల్లలు నవ్వుతుంటే పళ్ళు కొరుక్కుంది. చివరి సీను రానీ, చెబుతాను అనుకుంది. చివరి సీను రానే వచ్చింది. తెరంతా మంచు. నక్కపిల్ల అలిసిపోయి కూలబడింది.

"యూమీ..."

ఆ పిలుపుతో ముందు వరుసల్లోంచి వెక్కిళ్ళు వినిపించాయి. పిల్లలే కాదు, వాళ్ళను తీసుకొచ్చిన పెద్దలు కూడా కళ్ళు తుడుచుకున్నారు. హైమవతి చప్పున ముందుకు వంగి చెవి ఒగ్గింది. ఆ పిలుపు తను పిలిచింది కాదు. ఎవరో తన స్థానంలోకి వచ్చారు. ఎంత బాగా పిలిచారో ఆమె చెవులకు తెలుస్తూనే ఉంది. అందుకే ఆమెకు సుగుణ మీద కన్నా ఆ గొంతు మీద ఎక్కువ అసూయ పుట్టింది.

దీపాలు వెలగగానే ప్రభాకరం గారి దగ్గరకు విసవిసా వెళ్ళింది.

"నా బదులు ఎవరిచేత చెప్పించారండీ? ఎవరా మనిషి? నాకు ఒక్క మాటైనా చెప్పక్కర్లేదా?"

"మీరేనమ్మా" అన్నాడు ఆయన.

"నేనా?" అంది హైమవతి.

"సీరియల్ మొదలైన కొత్తలో మీరు పిలిచిన పిలుపే అది. సుగుణకు మీరు కూతలు నేర్పిన రోజుల్లోది. మీకు గొంతు బాగాలేదన్నారు కదా, అక్క పాత రికార్డింగ్ నాకు చెవిలో వినిపిస్తే చాలు, ఏడుపు వస్తుందని సుగుణే అడిగింది. అది వింటూనే ఏడ్చింది. మొన్న మీరు చెప్పింది దాని పక్కన నిలవలేదమ్మా, అందుకే సినిమాలో ఆ పాతదే ఉంచేశాం."

హైమవతి బయటకు వచ్చేసరికి పిల్లలు సుగుణ చుట్టూ మూగి ఉన్నారు. ఆమె చేతినిండా పూలున్నాయి. హైమవతిని చూడగానే సుగుణ, "నేను నక్కపిల్లనే. మీ రియో ఈ అక్క" అని పిల్లలకు చూపించింది.

"ఆంటీ, ఒక్కసారి పిలవరా?" అంది రెండు జడల పాప.

ఈసారి హైమవతి మనసారా పిలుద్దామనుకుంది. ఊపిరి తీసుకుంది. ఎదురుగా సుగుణ నిలబడి ఉంది. చూపు ఆమె చేతిలోని పూల మీద పడింది. అంతే, గొంతు పట్టేసింది. "యూమీ" అన్న మాట ఎండు ఆకులా బయటికి వచ్చింది.

పాప మొహం చిన్నబోయింది. "అలా కాదాంటీ. సినిమాలో పిలిచినట్టు పిలవండి" అంది.

హైమవతి తల దించుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సుగుణ చప్పున పాపను దగ్గరికి తీసుకుని, "అక్కకు గొంతు బాగలేదు బిడ్డా" అంది.

ఈసారి ఆ మాట అబద్ధం కాదు.

అసూయ పక్కవాళ్ళ గొంతు నొక్కాలని బయలుదేరుతుంది, కానీ దాని చేతికి ముందుగా చిక్కేది మన గొంతే.