మూత మీద చెమట

అనగనగా ఒక ఊళ్ళో, నీళ్ళకి కరువే లేని ఒక ఊళ్ళో, నూకరత్నం అని ఒక కోడలుండేది. కరువు లేదన్నానని సంబరపడిపోకు, ముందు విను. కాళ్ళాడించకుండా విను.

అది రాతిగుట్ట కింద ఊరు. బావి నీళ్ళు కన్నీళ్ళంత తేటగా ఉండేవి. నీళ్ళకి ఒక గుణం ఉందమ్మలూ. ఎవరింటి మీదుగా వెళ్తే వాళ్ళది కాస్త కలుపుకుని గానీ కదలవు. బెల్లం మీంచి వెళ్తే తీపి, ఉప్పు మీంచి వెళ్తే ఉప్పగా. ఆ గుట్ట రాయిలో విషం ఉంది. నీళ్ళు దాన్ని కరిగించుకుని బావిలోకి దిగేవి. అది కంటికి ఆనదు, నాలుకకి తెలీదు.

రత్నం పుట్టిల్లు సముద్రం ఒడ్డున. వాళ్ళ అయ్య గవరయ్య ఉప్పు మళ్ళు చేసేవాడు. సముద్రపు నీళ్ళు మడిలోకి పెడితే ఎండ నీళ్ళని తాగేస్తుంది, ఉప్పు కింద మిగిలిపోతుంది. రత్నం ఆ మళ్ళ గట్ల మీదే నడక నేర్చింది. ఆ సంగతి తెలిసీ ఏం లాభం, చెప్తా ఉండు.

ఆ తర్వాత రత్నానికి ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు పైడి. కాళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఒక్కచోట నిలిచేది కాదు, కోడిపిల్లల వెంట పరిగెత్తేది. కానీ ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ నడుములన్నీ వంగిపోయి ఉండేవి. "నీళ్ళ దోషం" అనేవాళ్ళు, మళ్ళీ ఆ నీళ్ళే తాగేవాళ్ళు. వేరేవెక్కడున్నాయి మరి? రత్నం గుండెల్లో రాయి పడింది. నా పిల్లకి ఆ గతి పట్టనివ్వను అనుకుంది.

అప్పుడు పాత పంచె మడతలేసి నీళ్ళు వడకట్టింది. పైడి పళ్ళకి పసుపు చారలొచ్చాయి.

ఆ తర్వాత బిందెలో, మురికి నీళ్ళని తేర్చే చిల్లగింజ అరగదీసింది. మట్టి ఉంటే అడుక్కి దిగుతుంది, లేని మట్టి ఎక్కణ్ణుంచి దిగుతుంది? పైడికి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. "అమ్మా, కాళ్ళు పిసుకు" అని ఏడ్చేది.

అప్పుడు రత్నం పొయ్యి రాజేసింది. ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా కషాయం కాచే చెయ్యి కదా! కషాయం సగానికి మరిగితేనే బలం. నీళ్ళూ అంతే అనుకుంది, పిచ్చి తల్లి. కుండ నిండా పోసి, మూత ఓరగా పెట్టి, సగమయ్యేదాకా మరిగించేది. మధ్యమధ్య మూత తీసి, దానికి పట్టిన చెమటని పెరట్లోకి విదిలించేది. పైడి నొప్పి అంటే ఇంకాస్త మరిగించేది. ఊరి పిల్లలంతా బావి నీళ్ళు తాగితే పైడి అమ్మ కాచిన నీళ్ళే తాగేది. ఊళ్ళో పిల్లలందరికన్నా ముందు వంగినవి పైడి కాళ్ళే.

ఒకనాడు గవరయ్య ఉప్పు మూట భుజానేసుకుని కూతుర్ని చూడ్డానికొచ్చాడు. "తాతా!" అని పైడి లేచి, గోడ పట్టుకుని, దొడ్డికాళ్ళతో ఒంగి ఒంగి వచ్చింది. ముసలాయన మూట జారిపోయింది.

"ఏం పెడుతున్నావే దీనికి?"

"అన్నీ చూసే పెడుతున్నానయ్యా. నీళ్ళు కూడా కాచి సగం చేస్తే గానీ తాగించను" అంది రత్నం.

గవరయ్య పొయ్యి దగ్గరికెళ్ళి కుండ వంచి చూశాడు. అడుగున తెల్లగా పెచ్చు కట్టి ఉంది. గోటితో గీరాడు. ఆ పొడి అరచేతిలో పెట్టి రత్నానికి చూపించాడు.

"ఇక్కడ కూడా మడి కట్టావా తల్లీ?" అన్నాడు.

అంతే, రత్నానికి పుట్టింటి ఉప్పు మడి గుర్తొచ్చింది. నీళ్ళు పోతాయి, ఉప్పు మిగుల్తుంది. కాచిన కొద్దీ నీళ్ళు ఆవిరైపోయాయి, విషం చిక్కబడింది. ఆ చిక్కబడ్డదాన్నే ఊది ఊది చల్లార్చి, తన చేత్తో తాగించింది. మరి మంచినీళ్ళేవంటే, మూతకి పట్టిన ఆ చెమటే. రోజూ పెరట్లోకి విదిలించింది. "అయ్యో, నా చేతులు పడిపోనూ!" అని నెత్తి బాదుకుంది.

ఆ తర్వాత రత్నం మూత మీది చుక్కలు గిన్నెలోకి వంచడం మొదలెట్టింది. మోపెడు కట్టెలు కాలితే గిన్నెడు నీళ్ళు. పైడి ఒక్క గుక్కలో తాగేసి "ఇంకొంచెం అమ్మా" అనేది. ఇంకెక్కడివి?

కాళ్ళు బాగయ్యాయా అని అడగబోతున్నావు, నాకు తెలుసు. లేదమ్మలూ. నీకు అబద్ధం చెప్పను. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మరి మొక్కగా వంగింది మానయ్యాక నిటారవుతుందా? కోడిపిల్లలు వాకిట్లో తిరుగుతూనే ఉండేవి. పైడి అరుగు మీద కూర్చుని చూసేది.

రత్నం మూత వంచినప్పుడల్లా ఏడుపు ఆపుకోలేకపోయేది. అప్పుడు పైడి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, పక్కకి తిరిగి ఏడు. నీళ్ళు ఉప్పవుతాయి" అనేది.

కథ కంచికి,
ఆవిరి మింటికి,
ఉప్పునీళ్ళు కంటికి,
మనమిద్దరం ఇంటికి.