దుమ్ములగొండి ఇచ్చిన బుర్రలు

అనగనగా, పిల్లలూ, ఎండలు మండే ఒక అడవిలో ఒకే ఒక్క మడుగు ఉండేది. దానికి కాపలాదారుని ఏటేటా జంతువులే ఎన్నుకునేవి. చాలా ఏళ్ళుగా ఏనుగే గెలుస్తోంది. అది ఒడ్డున నిలబడితే కుందేలు కూడా భయం లేకుండా నీళ్ళు తాగేది.

ఎన్నిక జరిపే పెద్ద ఒక ముసలి తాబేలు. పేరు డిప్పయ్య. అడవిలో ఏడు చోట్ల ఏడు పందిళ్ళు వేయించేవాడు. ఒక్కో పందిట్లో రెండు ఎండు సొరకాయ బుర్రలు, ఒకటి ఏనుగుకి, ఒకటి దాని మీద పోటీ చేసే తోడేలుకి. నచ్చినవారి బుర్రలో విప్పగింజ వేయాలి. బుర్రలు తేవడం, పందిరికి ఇంటికో గడ్డిమోపు ఇవ్వడం అందరి వంతు.

ఆ ఏడాది డిప్పయ్య అడగడానికి వెళితే అందరూ మొహం చాటేశారు.

"బుర్రలు మోయలేక నడుం పడిపోతోంది తాతా" అంది కోతి.

"గడ్డి మాకే చాలడం లేదు" అంది కుందేలు.

చుక్కి అనే దుప్పి తల దించుకుంది. అప్పుడే ఈనింది పాపం. కానీ ఒక్క మోపు ఇవ్వలేనంత కష్టమా? కాదు. బద్ధకం, అంతే.

అప్పుడొచ్చింది దుమ్ములగొండి గండయ్య. తోడేలుకి ప్రాణస్నేహితుడు.

"బుర్రలన్నీ నేనిస్తాను తాతా. పందిళ్ళు కూడా నావే. నాకేమీ వద్దు, పుణ్యం చాలు" అన్నాడు.

"తప్పేముంది?" అన్నాడు డిప్పయ్య.

మర్నాడు మళ్ళీ వచ్చాడు గండయ్య. "ఈ వయసులో ఏడు చోట్లకి ఏం తిరుగుతావు? మూడు చాలు. నా గుహ ముందొకటి, తోడేళ్ళ బండ దగ్గరొకటి, నక్కల దిబ్బ మీదొకటి. ఎలాగూ నా బుర్రలే కదా!"

"తప్పేముంది?" అన్నాడు డిప్పయ్య.

మూడోనాడు గండయ్య పందిళ్ళ కాపలాకి తన తమ్ముళ్ళనే పంపుతానన్నాడు. అప్పుడూ తాబేలు అదే మాట అన్నాడు.

సంగతి తెలిసి చుక్కి పరుగెత్తుకొచ్చింది. "తాతా, దుమ్ములగొండి గుహ ముందుకి పసిబిడ్డతో ఎలా రాను?"

"నిన్ను రావద్దని ఎవరన్నారమ్మా? గడ్డిమోపు అడిగినప్పుడు నువ్వూ తల దించుకున్నావుగా" అన్నాడు డిప్పయ్య.

చుక్కి వచ్చిన దారినే బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎన్నిక రోజున గండయ్య తమ్ముళ్ళు పందిట్లో కూర్చుని ఊరికే పళ్ళు బయటపెట్టారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఎవరి మీదా చెయ్యి వేయలేదు. కుందేళ్ళు దూరం నుంచే చూసి వెనక్కి మళ్ళాయి. చుక్కి, దాని చుట్టాలు పద్నాలుగు దుప్పులు సాయంత్రం దాకా పొదలో నిలబడి, నోట్లో గింజలతోనే ఇంటికి పోయాయి.

డిప్పయ్య ఒక్క గింజ కూడా అటూ ఇటూ కాకుండా లెక్కపెట్టాడు. తోడేలు పదకొండు గింజల తేడాతో గెలిచింది.

ఏనుగు మడుగు వదిలి వెళ్ళిపోయింది. మిట్టమధ్యాహ్నం తప్ప మిగతావేళల్లో గడ్డి తినేవాళ్ళు నీళ్ళకి రాకూడదని తోడేలు హుకుం వేసింది. నాలుగో రోజు పొద్దున్నే చుక్కి బిడ్డ దాహం ఆపుకోలేక మడుగుకి దిగింది. మళ్ళీ రాలేదు.

చుక్కి నేరుగా డిప్పయ్య దగ్గరికి వెళ్ళింది. తాబేలు కంగారుగా, "నేను ఏ తప్పూ చేయలేదమ్మా! ఒక్క గింజ కూడా మార్చలేదు!" అన్నాడు.

"తెలుసు తాతా. నువ్వు దొంగవైతే నిన్ను తిట్టుకుని ఊరుకునేదాన్ని. మూడుసార్లు తప్పేముందన్నావు. నీకు డిప్ప ఉంది కాబట్టి అనగలిగావు. నా బిడ్డకి లేదు. ఆ రోజు నేనూ ఒక్క మోపు గడ్డి ఇవ్వలేదు" అని భోరుమంది చుక్కి.

డిప్పయ్య తల లోపలికి లాక్కున్నాడు. ఆ రోజంతా బయటికి తీయలేదు.

మరుసటి ఏడు అడగకుండానే అందరూ కదిలారు. కోతులు బుర్రలు తెచ్చాయి. కుందేళ్ళు, దుప్పులు గడ్డిమోపులు మోసుకొచ్చాయి. ఎన్నికకి ఏ ఒక్కరి దానమూ తీసుకోకూడదు, అందరూ తలా కొంచెం వేసుకోవాలి, అలా కట్టుబాటు పెట్టమని అడిగాయి. కానీ కట్టుబాటు పెట్టాల్సింది మడుగు కాపలాదారు. అంటే తోడేలే.

తోడేలు అందరినీ తీరిగ్గా చూసింది. "మీకెందుకీ శ్రమ? మా గండయ్య ఇచ్చిన బుర్రలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. అంత దాతని అవమానిస్తామా?" అంది.

వెనక గండయ్య పగలబడి నవ్వాడు. చుక్కి గడ్డిమోపుతో పొద్దు వాలేదాకా అక్కడే నిలబడింది. ఆ మోపుని ఎవరూ దించుకోలేదు.

నీతి: ఎన్నిక అందరిదైతే దాని బరువూ అందరూ మోయాలి. ఒక్కడి దానంతో జరిగే ఎన్నికలో గింజలు ఎంత నిజాయితీగా లెక్కపెట్టినా గెలిచేది ఆ దాతే.