శాంతప్ప ఒక్కపొద్దులు

ఆ రోజు కూడా గురుశాంతప్ప మధ్యాహ్నం భోజనానికి రాలేదు. పిలిచి పిలిచి నా గొంతు పోయింది.

ఆత్మకూరు పక్కన మా మఠంలో వంట చేసేది నేనే. ఎంతమంది వచ్చినా విసుక్కోకుండా వండుతా. కానీ వండింది ముందర పెట్టుకుని వద్దనేవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

"ఒక్కపొద్దు అక్కా" అంటాడు. వారంలో ఒకటి రెండయితే సరే. ఈయనకు దినామూ ఒక్కపొద్దే!

కారణం లేకపోలేదు. ఉగాదికి మా స్వామి అడవి దారిన శ్రీశైలం నడిచిపోతారు. మూట మోసుకుంటూ వెంట పోయేది శాంతప్పే. పోయినేడు భీముని కొలను దగ్గర ఎక్కలేక చతికిలబడినాడు. డెబ్బై దాటిన గురువే శిష్యుడి చెయ్యి పట్టుకుని పైకి లాగినారట. ఎంత నామర్దా! ఈసారి స్వామి ముందే చెప్పేసినారు.

"నాకు ఇదే ఆఖరి నడక శాంతప్పా. ఒళ్ళు తగ్గించుకుంటే రా. లేదంటే మఠం చూసుకుంటా ఉండు."

ఆ మాట విన్ననాటి నుంచి మనిషికి నిద్ర లేదు. ఆఖరి నడకలో తాను లేకపోతే ఎట్లా? అందుకే పొద్దున ఉప్మా మానేశాడు, మధ్యాహ్నం రొట్టె మానేశాడు. మానేసి ఊరుకుంటే బాగుండు. వంటింటి గడప దగ్గరే కూర్చుని, "పప్పులో ఏం ఆకు వేసినావక్కా? తాలింపులో వెల్లుల్లి దంచి వేసినావా?" అని నా ప్రాణం తీస్తాడు. ఎవరు పలకరించినా కస్సుమంటాడు. ఆవుదూడ మీద కూడా అరుస్తాడు.

ఇంత చేసి బియ్యం మిల్లుకు పోయి బస్తాలు తూచే కాటా ఎక్కి వచ్చినాడు. తగ్గకపోగా పెరిగినాడట.

"గాలి పీల్చినా లావెక్కే ఒళ్ళక్కా ఇది" అని తల కొట్టుకున్నాడు.

గాలేనా! సాయంత్రమయితే మా మఠానికి భక్తులు వస్తారు. వచ్చినవాళ్ళు చేతులూపుకుంటూ రారు కదా. చక్కెర పొంగలి, పులిహోర, మేము ఓళిగలనే నేతి బొబ్బట్లు, ఏదో ఒకటి తెచ్చి స్వామి ముందర పెడతారు. అప్పటిదాకా మాడిన కడుపుతో ఉన్న శాంతప్ప ఆ పళ్ళెం ముందు కూర్చుంటే అడుగు కనిపించేదాకా లేవడు.

"ఇదేందప్పా?" అంటే, "ప్రసాదం కదక్కా. తిండి ఎట్లవుతుంది? కాదంటే పాపం" అంటాడు. అబద్ధం ఆడతాడనుకుంటారేమో, లేదు. నిజంగా అట్లే అనుకుంటున్నాడు! అది ఇంకా మంట నాకు.

ఓపిక పట్టలేక పోయి స్వామికి చెప్పేసినా. ఆయన విని, "అట్లనా" అన్నారు, అంతే.

మరుసటి రోజు మధ్యాహ్నం స్వామి శాంతప్ప చెయ్యి పట్టుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"స్వామీ, ఒక్కపొద్దు..."

"తిను."

ఇన్నాళ్ళు నేను అరిచింది గోడకు చెప్పినట్టయింది. స్వామి ఒక్క మాటకే కూర్చున్నాడు! రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పు, మజ్జిగన్నం తిన్నాడు. తిన్నంతసేపూ దొంగతనం చేస్తున్నవాడిలా తల ఎత్తలేదు.

సాయంత్రం ఎవరో ఓళిగలు తెచ్చినారు. స్వామి పళ్ళెం శాంతప్ప ముందుకు జరిపినారు. వాడి చెయ్యి అప్పుడే సగం దూరం పోయింది.

"ఆకలిగా ఉందా?" అన్నారు స్వామి.

శాంతప్ప చెయ్యి ఆగింది. కడుపు తడుముకుని చూసుకున్నాడు.

"లేదు స్వామీ."

"మరి?"

"నోరు ఊరుతోంది." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కడుపు నిండుగానే ఉంది. అయినా కావాలంటోంది. ఈ నోటితో నేను వేగలేకున్నాను స్వామీ! నన్ను ఇక్కడే వదిలి పొండి."

స్వామి ఒక ఓళిగ అంచు చిటికెడు తుంచినారు. కళ్ళకు అద్దుకుని నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలినారు. తర్వాత శాంతప్ప వైపు చూసినారు.

శాంతప్ప కూడా అంతే తుంచుకున్నాడు. కళ్ళకు అద్దుకున్నాడు. నమిలినాడు.

"ఎట్లుంది?"

"ఏలకులు వేసినారు స్వామీ!" అన్నాడు ఆశ్చర్యంగా.

నేనూ ఎన్నో సార్లు ఏలకులు వేసే చేసినా. ఇన్నేళ్ళలో ఒక్క నాడూ ఆ మాట అనలేదు మహానుభావుడు.

"నోటికి అంత చాలప్పా" అన్నారు స్వామి.

శాంతప్ప పళ్ళెం వైపు చూశాడు, స్వామి వైపు చూశాడు. "నన్ను నడకకు తీసుకుపోతారా?" అన్నాడు భయం భయంగా.

"మధ్యాహ్నం అన్నం తినేవాణ్ణే తీసుకుపోతా. కడుపు మాడ్చుకున్నవాడు కొండ మీద నన్నేం పట్టుకుంటాడు?"

శాంతప్ప పళ్ళెం ఎత్తుకుని లేచి, వచ్చినవాళ్ళందరికీ పంచుకుంటూ పోయినాడు. చివర వంటింటి దగ్గరికి వచ్చి, మిగిలిన ఓళిగ నా చేతిలో పెట్టినాడు.

"అక్కా, రేపు మధ్యాహ్నం నాకూ రొట్టెలు చెయ్యి" అన్నాడు.