కోటు అంచు

ఉదయం తొమ్మిదైంది. రాత్రి కురిసిన వాన వెలిసి, ఎండ పలచగా కాస్తోంది. మా అమ్మాయి ప్రసూన ఇంట్లోనే తెల్లకోటు తొడుక్కుని యూనివర్సిటీ బస్సెక్కింది.

అది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతోంది. ల్యాబులో ఉండవలసిన కోటు బజార్లోనూ దాని ఒంటిమీదే ఉండేది. వీధిలో ఎవరైనా "డాక్టరమ్మా" అని పిలిస్తే కాదనేది కాదు.

మర్నాడు మా మనవరాలు ఆసుపత్రి నుంచి ఇంటికి రావాలి. నెలలు నిండకుండా పుట్టింది. మధ్యలో ఇన్‌ఫెక్షన్ సోకి, చెయ్యి దాటిపోతుందన్నంత వరకూ వెళ్ళి వెనక్కొచ్చింది. ఇంటికి రాగానే మొదట ఎత్తుకునేది మేనత్తేనని మా కోడలు మాటిచ్చింది.

ఆ సంగతి ప్రసూన ల్యాబులో అందరికీ చెప్పింది. వాళ్ళ జుబేదా మేడమ్‌కీ చెప్పింది. తర్వాత జరిగింది అదే నాతో చెప్పింది.

"కోటుతోనే ఎత్తుకుంటావా?" అని అడిగారు మేడమ్.

"అవును మేడమ్. ఫొటో తీయాలని మా అన్నయ్య సరదా."

"ల్యాబు కోటు కదమ్మా."

"నాది పెరుగు పనే కదా మేడమ్. మా అమ్మ తోడుపెట్టిన పెరుగులోంచి తీసిన బ్యాక్టీరియా. అన్నీ మంచివే. రోజూ తింటున్నవే."

పక్క బల్ల దగ్గర కిరీటి నవ్వాడు. అతను పుళ్ళలోని చీము మీద పనిచేస్తున్నాడు. "నీ కోటు పిండితే మజ్జిగొస్తుందే" అన్నాడు.

"నీది పిండితే ఏమొస్తుందో చెప్పకు. ఇంకా అన్నం తినాలి."

మేడమ్ కూడా నవ్వారు. లోపలికెళ్ళి మూత ఉన్న చిన్న ప్లేటు ఒకటి తెచ్చారు. అందులో నెత్తురు కలిపి గడ్డకట్టించిన ఎర్రటి మేత ఉంది. సూక్ష్మజీవులను దాని మీద పెంచుతారట. ప్రసూన చెయ్యి పట్టుకుని, కోటు అంచును ఆ ఎరుపు మీద ఒక్కసారి అద్ది మూత పెట్టారు.

"పాప పేరేమిటి?"

"ఇంకా పెట్టలేదు మేడమ్."

ప్లేటు అడుగున, నంబరు వేసే చోట 'పాప' అని రాశారు. వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టేసి క్లాసుకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఆ ప్లేటు ప్రసూన బల్ల మీద ఉంది.

అద్దిన చోట పసుప్పచ్చని చుక్కలు లేచాయి. ఒక్కో చుక్క చుట్టూ ఎరుపు పోయి, గుండ్రంగా తేటపడింది. నెత్తుటిని తిన్న గుర్తు అది. ప్రసూనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కిరీటి వచ్చి వంగి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"నా బల్ల మీద పెరిగేవీ ఇలాగే ఉంటాయి" అన్నాడు మెల్లగా.

మేడమ్ వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇందులో నీ మంచివేవో చూపించమ్మా."

ప్రసూన ప్లేటును వెలుతురుకు పట్టి చూసింది. ఓ మూల చిన్న తెల్లని చుక్కలున్నాయి. అవి తనవో కావో పోల్చుకోలేకపోయింది.

"తెలియడం లేదు మేడమ్."

"కోటుకీ తెలియదు" అన్నారు మేడమ్.

ఆ పూట అది కోటు విప్పి, ల్యాబులో క్రిములు చచ్చేలా ఆవిరిపట్టే బట్టల సంచిలో వేసింది.

సాయంత్రం మళ్ళీ చినుకులు పడ్డాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆటో ఆగింది. ముందు అబ్బాయి దిగాడు. వెనక కోడలు, చేతుల్లో బిడ్డ. వాళ్ళు గేటు తీస్తుండగానే ప్రసూన బస్సు దిగి తడుస్తూ వచ్చింది. ఒంటిమీద కోటు లేదు.

"ఇదిగో మేనత్తా" అంటూ కోడలు బిడ్డను అందించబోయింది.

"ఉండు వదినా" అని అది పంపు దగ్గరికి నడిచింది.

అబ్బాయి. కోడలు. బిడ్డ. పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ మా అమ్మాయి.

నలుగురే వచ్చారు. కోటు వెంట వచ్చేవేవీ రాలేదు.